థైరాయిడ్ తక్కువై, మళ్ళీ ఒళ్ళు కదిలించాలనుకునేవాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు రెండో అంతస్తులో. మెట్ల మలుపు దగ్గర ఆగి, ఏదో మెసేజ్ వచ్చినట్టు ఫోన్ తీసి చూస్తూ ఊపిరి కూడదీసుకున్న రోజులు నాకు బాగా గుర్తు. వెనక ఎవరైనా ఎక్కి వస్తుంటే సిగ్గుగా ఉండేది. తరువాత రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువగా ఉందని తేలింది, మాత్ర మొదలైంది. అప్పుడు నాకు వచ్చిన సందేహాలూ, ఆ తరువాత నన్ను చాలామంది అడిగినవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, ఈ మాత్ర రోజూ వేసుకునే మనిషిని. మీ డోసు, మీ గుండె, మీ మిగతా మందుల సంగతి మీ డాక్టరే చెప్పాలి.

మాత్ర మొదలుపెట్టి వారమే అయింది. ఇప్పుడే వ్యాయామం మొదలుపెట్టవచ్చా?

ఇంట్లో అటూ ఇటూ తిరగడం, పది నిమిషాల నెమ్మది నడక లాంటివి గుండె జబ్బు లేనివాళ్ళు చాలావరకు మొదలుపెట్టుకోవచ్చు. అంతకు మించి ప్లాన్ వేసుకోవద్దు. ఎందుకంటే ఈ మాత్ర తలనొప్పి బిళ్ళలాగా గంటలో పనిచేసేది కాదు. ఇందులో ఉండేది లెవోథైరాక్సిన్, అంటే మన గ్రంథి తయారుచేయాల్సిన టీ4 హార్మోనే. అది ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. అంత నిదానంగా కదిలే మందు కాబట్టి రక్తంలో దాని మట్టం ఒకచోట కుదురుకోవడానికి 5, 6 వారాలు కావాలి. డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకు గానీ మళ్ళీ టీఎస్‌హెచ్ పరీక్ష రాయరు, కారణం ఇదే. (టీఎస్‌హెచ్ అంటే గ్రంథిని పనిచేయమని ఆజ్ఞ ఇచ్చే హార్మోన్. థైరాయిడ్ తగ్గితే ఈ అంకె పెరుగుతుంది.)

ఇంకో సంగతి. రిపోర్టులో అంకె బాగుపడిన రోజునే కండరాలు బాగుపడవు. వాటికి ఇంకా కొన్ని నెలలు పట్టవచ్చు. నాకు ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే చాలా టెన్షన్ తగ్గేది.

థైరాయిడ్‌కీ కాళ్ళలో బలానికీ ఏమిటి సంబంధం?

మనలో చాలామంది "నాకు థైరాయిడ్ ఉంది" అంటాం. థైరాయిడ్ అందరికీ ఉంటుంది, మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో. మనకు వచ్చిన చిక్కల్లా అది పని తగ్గించడం. దాని హార్మోన్ ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ "ఎంత వేగంగా ఇంధనం ఖర్చు చేయాలి" అనేది చెబుతుంది. ఆ మాట వినపడకపోతే కండరంలో శక్తి తయారయ్యే పని మందగిస్తుంది. కండరం బిగుసుకోవడమూ, ముఖ్యంగా బిగుసుకున్నాక మళ్ళీ వదులవడమూ నెమ్మదిస్తాయి. డాక్టరు మడమ వెనక చిన్న సుత్తితో కొడితే పాదం ఎగిరి, వెనక్కి రావడానికి మామూలుకంటే ఎక్కువసేపు తీసుకుంటుంది. రక్తపరీక్షలు ఇంత తేలిక కాని కాలంలో ఆ ఒక్క కదలికను చూసే థైరాయిడ్‌ని అనుమానించేవారు.

నీరసం ముందుగా తెలిసేది తొడల్లో, తుంటి దగ్గర, భుజాల్లో. అందుకే మెట్లు ఎక్కడం, నేల మీద నుంచి లేవడం, చేతులెత్తి జుట్టు దువ్వుకోవడం కష్టమవుతాయి. సమతలం మీద నడిస్తే ఏమీ అనిపించదు, నాలుగు మెట్లు ఎక్కితే తొడలు సీసం పోసినట్టు ఉంటాయి.

గుండె సంగతీ ఇలాంటిదే. నెమ్మదిగా కొట్టుకుంటుంది, ఒక్కో దెబ్బకు పంపే రక్తమూ తగ్గుతుంది, చిన్న రక్తనాళాలు కాస్త బిగుసుకుంటాయి. మామూలుగా అయితే మనం వేగం పెంచగానే గుండె అందుకుంటుంది. ఇక్కడ అది అందుకోవడానికి ఆలస్యం చేస్తుంది, ఈలోపు మనకు ఆయాసం వస్తుంది.

ఇది జబ్బు నీరసమా, నా బద్ధకమా? ఇంట్లోవాళ్ళు బద్ధకం అంటున్నారు.

బద్ధకం ఉన్నవాళ్ళు ఈ ప్రశ్న వేసుకోరు. చేయాలని ఉండి, మొదలుపెట్టి, మధ్యలో ఒళ్ళు ఆగిపోతే అది ఓపిక లేకపోవడం.

మన భాషలో ఓపిక అనే మాటకు రెండర్థాలు ఉన్నాయి చూడండి, ఒంట్లో సత్తువ ఒకటి, సహనం ఒకటి. ఈ జబ్బులో మొదటిది తగ్గినప్పుడు రెండోదాన్ని అరువు తెచ్చుకుని నడిపించాలి. ఇంట్లోవాళ్ళకు కూడా కాస్త అరువివ్వాల్సి వస్తుంది.

ముందు డాక్టర్ని అడిగి తీరాల్సింది ఎవరు?

గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చినవాళ్ళు, నడిస్తే కళ్ళు తిరిగేవాళ్ళు, కూర్చున్నా ఆయాసం వచ్చేవాళ్ళు, కాళ్ళూ ముఖమూ బాగా ఉబ్బినవాళ్ళు. టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఉండి చికిత్స ఇప్పుడే మొదలైనవాళ్ళు కూడా. బాగా ముదిరిన థైరాయిడ్ లోపంలో గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరడం ఉంటుంది, అది పైకి కనిపించదు. 65 దాటినవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టర్లు మాత్రను కూడా 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. గుండెకు ఒక్కసారిగా పని పెంచకూడదని వాళ్ళ జాగ్రత్త. మాత్ర విషయంలో వాళ్ళే అంత నిదానంగా వెళ్తుంటే నడక విషయంలో మనం పరుగెత్తడం ఏం బాగుంటుంది?

మొదటి వారం కచ్చితంగా ఏం చేయాలి?

రోజూ 5 నుంచి 10 నిమిషాలు, సమతలంగా ఉన్న చోట, మీకు అలవాటైన వేగంలో నడవండి. గడియారం చూసుకుని ఇంకా ఓపిక ఉండగానే ఆపండి. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం, ఎందుకంటే బాగున్న రోజున ఆపబుద్ధి కాదు.

దానికి తోడు కుర్చీలోంచి లేవడం. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టుకోండి, జారకుండా. అంచుకు జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్ళకంటే కొంచెం వెనక్కి పెట్టి, ముక్కు మోకాళ్ళ వైపు వచ్చేలా ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగండి. అసలు పని ఆ దిగడంలోనే ఉంది. ఐదుసార్లు చాలు, రోజు విడిచి రోజు. లేవలేకపోతే కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి, తొడల మీద చేతులు ఆనించుకున్నా తప్పు లేదు.

ఇంతేనా అనిపిస్తుంది. అవును, ఇంతే. సరిపోయిందా ఎక్కువైందా అన్నది మర్నాడు పొద్దున తెలుస్తుంది. నిద్రలేచినప్పుడు ఒళ్ళు నిన్నటిలాగే ఉంటే ఆ మోతాదు మీకు పడినట్టు. నిన్నటికంటే బరువుగా ఉంటే ఎక్కువైనట్టు. వ్యాయామం చేస్తున్నప్పుడు ఎలా ఉందన్నదాన్ని నేను పెద్దగా నమ్మను. అప్పుడు ఉత్సాహం అబద్ధం చెబుతుంది.

నిన్న హాయిగా చేశాను, ఇవాళ మంచం దిగలేకపోతున్నాను. ఎందుకు?

ఇది నాకూ జరిగింది. మాత్ర మొదలైన మూడో వారం. ఒక రోజు పొద్దున తల తేలిగ్గా, మనసు హుషారుగా ఉంది. చాలా నెలల తరువాత అలా ఉండటం. ఆ ఊపులో 45 నిమిషాలు గబగబా నడిచాను. మధ్యలో ఒక ఎత్తు కూడా ఎక్కాను. ఇంటికి వచ్చేసరికి ఏదో గెలిచినట్టుంది. మర్నాడు బ్రష్ మీద పేస్ట్ నొక్కడానికి కూడా వేళ్ళకు సత్తువ లేనట్టు అనిపించింది. నాలుగు రోజులు మంచం, కుర్చీ, మంచం. దానికంటే పెద్ద నష్టం, ఆ తరువాత మూడు వారాలు నడవడానికే భయపడ్డాను.

జరిగిందేమిటంటే, థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు పనిచేసిన కండరం కోలుకోవడానికి మామూలుకంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. బుర్రకు హుషారు ముందు వచ్చింది, కాళ్ళకు ఇంకా రాలేదు. అలా అయితే పూర్తిగా పడుకోకండి. రెండు రోజులు ఇంట్లో మామూలు పనుల వరకే ఉంచి, తరువాత ఇంతకుముందు మీకు పడిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. వారం తిరిగినా అలాగే ఉంటే, లేదా కొంచెం చేసినా ప్రతిసారీ ఇలాగే పడిపోతుంటే, డాక్టర్‌కి చెప్పాలి. అది ఒక్క థైరాయిడ్ వల్లే అని అనుకుని ఊరుకోకూడదు.

ఎంత వేగంగా నడవాలి? వాచీలో గుండె వేగం చూసుకోవచ్చా?

వాచీ చూపించే అంకెను వయసు లెక్కలతో పోల్చుకోవద్దు, కనీసం మొదట్లో. థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది కాబట్టి మీరు ఆయాసపడుతున్నా వాచీ "ఇంకా తేలికే" అంటుంది. మాత్ర ఎక్కే కొద్దీ విశ్రాంతిలో ఉన్న వేగం కూడా మారుతుంది. రక్తపోటుకు బీటా బ్లాకర్ అనే, గుండె వేగాన్ని తగ్గించే మందు వాడుతుంటే ఆ అంకెకు అసలే అర్థం ఉండదు.

మాటే మంచి కొలత. నడుస్తూ పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. ఒక్కో మాటకు ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం తగ్గించండి. ఒంటరిగా నడిచేవాళ్ళు ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడుతూ నడవండి, అవతలివాళ్ళే చెబుతారు మీకు ఆయాసం వస్తోందని.

మాత్ర, వ్యాయామం, తినడం: ఏది ముందు?

మాత్ర పరగడుపున నీళ్ళతో, తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు. కాఫీ దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వదు, కాబట్టి అదీ ఆ తరువాతే. కాల్షియం, ఐరన్ మాత్రలకు కనీసం 4 గంటల ఎడం ఉండాలి. వ్యాయామం మొదలుపెట్టిన ఉత్సాహంలో చాలామంది ఎముకలకు మంచిదని కాల్షియం కొనుక్కుని థైరాయిడ్ మాత్రతో కలిపి మింగేస్తారు, రెండు నెలల తరువాత టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందో అర్థం కాదు.

మాత్రకూ తినడానికీ మధ్య ఉన్న ఆ ఖాళీ సమయం చిన్న నడకకు సరిగ్గా సరిపోతుంది. నేను అప్పుడే నడుస్తాను, లేకపోతే కాఫీ కోసం గడియారం వంక చూస్తూ కూర్చోవడమే. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, షుగర్ పడిపోయే అవకాశమున్న మాత్రలు గానీ వాడేవాళ్ళు మాత్రం ఖాళీ కడుపుతో నడిచేముందు డాక్టర్ని అడగాలి. పొద్దున కీళ్ళు బిగుసుకుపోయి ఉండేవాళ్ళకు సాయంత్రం నడకే సుఖం. మాత్ర వేళ మారకూడదు గానీ నడక వేళ మారితే నష్టమేం లేదు.

పిక్కలు పట్టేస్తున్నాయి, ఒళ్ళంతా నొప్పులు. కొనసాగించాలా?

కొత్తగా చేసిన పని వల్ల వచ్చే నొప్పి ఒకటి రెండు రోజుల్లో మొదలై, మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. రెండు కాళ్ళలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది, కాస్త కదిలితే వదులవుతుంది. అది ఉండగా నడవవచ్చు, తేలిగ్గా.

థైరాయిడ్ తక్కువగా ఉండటం వల్లే పిక్కలు పట్టడం, బిగుసుకుపోవడం కూడా ఉంటాయి. రక్తంలో సీకే అనే కండరాల ఎంజైమ్ ఈ జబ్బులో తరచు పెరిగి ఉంటుంది. గట్టి వ్యాయామం చేసినా అది పెరుగుతుంది. అందుకే ఆ పరీక్ష రాస్తే, రెండు రోజుల ముందు నుంచి గట్టిగా వ్యాయామం చేయకండి, చేసి ఉంటే ఆ మాట చెప్పండి.

కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త పడాలి. థైరాయిడ్ అదుపులో లేనప్పుడు ఆ మందుల వల్ల కండరాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. అలాగని సొంతంగా మానేయకండి, డాక్టర్‌కి చెప్పండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గుర్తులు: కండరాల్లో విపరీతమైన నొప్పీ బలహీనతా వచ్చి మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారడం. కండరాలు చితికి, వాటి పదార్థం మూత్రపిండాల మీద పడుతోందని దానర్థం. అరుదే, కానీ ఆగకూడదు. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉన్నా అదే రోజు చూపించుకోండి, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

బరువు తగ్గుతానా?

ఈ ప్రశ్నకు చాలామంది వినాలనుకునే జవాబు నా దగ్గర లేదు. థైరాయిడ్ లోపం వల్ల నేరుగా పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 4.5 కిలోల దాకా ఉంటుంది, లోపం తీవ్రంగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ. అందులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. మాత్ర సరిపడా అందితే ఆ నీరు దిగుతుంది. దానికి మించి ఉన్న బరువు అందరికీ ఎలా తగ్గుతుందో మనకూ అలాగే తగ్గాలి, నిదానంగా, తిండి కూడా సరిచేసుకుంటూ.

నా సలహా: మొదటి మూడు నెలలు తూకం యంత్రాన్ని మంచం కిందికి తోసేయండి. నడక పనిచేస్తోందా లేదా అన్నది అది చెప్పలేదు. బరువు కోసమే నడిచినవాళ్ళు అంకె కదలకపోతే ఆరో వారంలో మానేయడం నేను చాలాసార్లు చూశాను.

బాగా వ్యాయామం చేస్తే మాత్ర మానేయొచ్చా?

వద్దు. ఎక్కువమందికి ఈ లోపం రావడానికి కారణం హషిమోటో జబ్బు, అంటే మన రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని దెబ్బతీయడం. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో దాన్ని వివరించాడు. దెబ్బతిన్న గ్రంథిని నడక తిరిగి తయారుచేయలేదు. హార్మోన్ అందించే దారి తెలియని కాలంలో ఈ జబ్బు ముదిరినవాళ్ళు ఉబ్బిపోయి, మందకొడిగా మారి, చివరికి చనిపోయేవారు. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఒక రోగికి ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఆమె ఆ తరువాత 28 ఏళ్ళు బతికింది. మనం నీళ్ళతో మింగే చిన్న తెల్లబిళ్ళ వెనక ఇంత కథ ఉంది.

ప్రసవం తరువాత వచ్చే థైరాయిడ్ వాపు లాంటి కొన్నిట్లో గ్రంథి తనంతట తాను కోలుకోవచ్చు. అది కూడా పరీక్షలు చూసి డాక్టరు తేల్చాల్సిందే. "వాకింగ్‌తో నా థైరాయిడ్ పోయింది" అని ఎవరైనా అంటే బహుశా వాళ్ళ కథ అదే.

సర్వాంగాసనం, మత్స్యాసనం లాంటివి థైరాయిడ్‌ని మళ్ళీ పనిచేయిస్తాయంటారు కదా?

మెడ దగ్గర ఒత్తిడి పెడితే గ్రంథి హార్మోన్ ఎక్కువ చేస్తుందన్న మాటకు గట్టి ఆధారం లేదు. గ్రంథికి ఆజ్ఞ ఇచ్చేది మెదడు కింద ఉన్న పిట్యూటరీ, టీఎస్‌హెచ్ ద్వారా. మెడ వంచినంత మాత్రాన ఆ ఆజ్ఞ మారదు.

అలాగని యోగాను తీసిపారేయను. బిగుసుకున్న కండరాలకు మెల్లగా సాగదీయడం, నిదానమైన శ్వాస చాలా హాయినిస్తాయి, నిద్రకూ మంచివి. తలకిందుగా ఉండే ఆసనాలే వద్దంటాను: మెడ ఎముకల నొప్పి, అధిక రక్తపోటు, కంట్లో గ్లకోమా ఉన్నవాళ్ళకు, గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాపు పెద్దదై మింగడానికో ఊపిరికో అడ్డొచ్చేవాళ్ళకు. మనకు తొడల్లో, భుజాల్లోనే బలం తక్కువని గుర్తుంటే, ఒళ్ళంతా భుజాల మీద నిలబెట్టే ఆసనంతో మొదలుపెట్టడం ఎంత తలకిందుల ఆలోచనో తెలుస్తుంది.

బరువులు ఎత్తవచ్చా?

ఎత్తాలి, కాకపోతే కొన్నాళ్ళ తరువాత. నడక ఒక్కటే చేస్తే తొడలూ భుజాలూ అడుగున పడిపోతాయి. నాలుగైదు వారాలు నడకా, కుర్చీ వ్యాయామమూ ఒంటికి పడ్డాక, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి తోసుకోవడం మొదలుపెట్టండి. ఆ తరువాత అర లీటరు నీళ్ళ సీసాలు. వారంలో రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. రోజూ చేస్తే త్వరగా బలం వస్తుందనుకోకండి, బలం వచ్చేది విరామంలోనే.

చేతివేళ్ళలో తిమ్మిర్లు, రాత్రిపూట చేయి విదిలిస్తే గానీ నిద్ర పట్టకపోవడం ఉంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళలో అది మామూలే. అరచేతిని వెనక్కి వంచి బరువు మోపే వ్యాయామాలు మానుకోండి, డాక్టర్‌కి చూపించండి. మాత్ర సరిపడితే చాలామందికి తగ్గుతుంది.

నాకు అందరికంటే ఎక్కువ చలి. ఏం చేయాలి?

ఒళ్ళు వేడెక్కడానికి రెట్టింపు సమయం ఇవ్వండి. ఐదు నిమిషాలకు బదులు పది. పొరలు పొరలుగా బట్టలు వేసుకుని, వేడెక్కాక ఒక్కొక్కటి తీయండి. ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త: మనకు చెమట తక్కువ పట్టవచ్చు, కాబట్టి బాగా ఎండగా ఉన్న వేళల్లో బయట వద్దు.

నడుస్తుంటే గుండె దడదడలాడుతోంది, చేతులు వణుకుతున్నాయి. నా ఓపిక తక్కువా?

అది డోసు ఎక్కువైన గుర్తు కావచ్చు. కూర్చున్నా దడ, చెమటలు, నిద్రపట్టకపోవడం, ఊరికే బరువు తగ్గడం కూడా ఉంటే మరీ అనుమానించాలి. "ఇంకో పావు మాత్ర వేస్తే ఇంకాస్త చురుగ్గా ఉంటానేమో" అని సొంతంగా పెంచుకునేవాళ్ళు ఉన్నారు. ఎక్కువ డోసు చాలాకాలం సాగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. వ్యాయామం ఆపి, పరీక్ష చేయించుకోండి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి అందకపోవడం ఉంటే అప్పాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది. అయినా ఓపిక లేదు. ఇప్పుడేం చేయను?

చాలా ల్యాబుల్లో నార్మల్ అంటే దాదాపు 0.4 నుంచి 4 దాకా. మీ అంకె అందులోకి వచ్చి రెండు మూడు నెలలయినా నీరసం అలాగే ఉంటే వేరే కారణాలు వెతకాలి. రక్తహీనత, ఐరన్ నిల్వలు, బి12, విటమిన్ డి, షుగర్ చూడమని అడగండి. హషిమోటో ఉన్నవాళ్ళలో బి12 ఒంటికి పట్టకుండా చేసే జబ్బు కూడా మిగతావాళ్ళకంటే ఎక్కువ. రాత్రి గట్టిగా గురక పెట్టి, పొద్దున తలనొప్పితో లేస్తుంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూపించుకోవాలి. మనసు కుంగిపోయి ఉన్నా ఒళ్ళు ఇలాగే ఉంటుంది, ఆ మాట డాక్టర్‌కి చెప్పడానికి మొహమాటపడకండి.

జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళు రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తాయి.

ఇవన్నీ బాగానే ఉంటే మిగిలేది ఒకటే: నెలల తరబడి కదలక కండరం కరిగిపోవడం. దానికి మందు లేదు, కుర్చీ ఉంది.

గర్భంతో ఉన్నాను, మాత్ర వాడుతున్నాను. నడవచ్చా?

వేరే ఇబ్బందులు లేకపోతే నడక మంచిదే, మీ డాక్టర్‌ని అడిగి. అంతకంటే ముఖ్యం, గర్భం అని తెలిసిన రోజే ఆ సంగతి చెప్పడం. చాలామందికి డోసు పావు వంతు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది.

ఎప్పుడు పెంచాలి, ఎంత దాకా?

ఒక మోతాదులో ఏడు రోజులు నడిచి, ఏడు పొద్దులూ మామూలుగా లేచారనుకోండి, రెండు నిమిషాలు కలపండి. నిమిషాలూ వేగమూ ఒకే వారంలో పెంచకండి. డోసు మారిన వారం ఏదీ పెంచకండి, లేకపోతే ఒళ్ళు ఎలా ఉందన్నది దేనివల్లో తేల్చుకోలేరు.

పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది. అదే పత్రంలో, ఏమీ చేయకపోవడంకంటే కొంచెం చేసినా మేలే అని కూడా ఉంది. నేను 150కి చేరడానికి ఏడు నెలలు పట్టింది. మీకు నాలుగు నెలలే పట్టవచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు.

జ్వరమో, ప్రయాణమో వచ్చి రెండు వారాలు నాగా పడితే ఆగిన చోట నుంచి మొదలుపెట్టకండి. సగానికి దిగి, వారంలో మళ్ళీ పైకి రండి.

బాగుపడుతున్నానని ఎలా తెలుస్తుంది?

నెలకొకసారి, ఒకే వేళలో, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కపెట్టండి. ఫిజియోథెరపిస్టులు వాడే పరీక్షే ఇది. నోట్‌బుక్‌లో తేదీ, అంకె, ఆ నెల టీఎస్‌హెచ్ చేయించి ఉంటే అదీ రాయండి. తరువాత డాక్టర్ దగ్గరకు వెళ్ళినప్పుడు "నీరసంగా ఉందండీ" అనడానికి బదులు ఆ పేజీ చూపించండి.

నా నోట్‌బుక్‌లో మొదటి అంకె 6. తరువాత 8, మళ్ళీ 7, ఆ నెల జ్వరం వచ్చింది. ఐదో నెలకు 12. అయితే నాకు తెలిసింది నోట్‌బుక్‌లో చూసి కాదు. ఒక సాయంత్రం పైకి ఎక్కి తలుపు తాళం తీస్తుంటే ఫోన్ నిజంగానే మోగింది, తీద్దామని చూస్తే అది ఇంకా సంచీ అడుగునే ఉంది.